చింతచెట్టు కింద ఆగిపోయిన ఇంజను

(మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు, ‘మాకు ఉపన్యాసాలు రావండీ, ఇంజను గురించైతే చెబుతాం’ అన్నాం. ‘అదే చెప్పండి, ఖర్చు లెక్క మాత్రం దాచొద్దు’ అన్నారు కార్యదర్శి గారు. అందుకే లెక్క పుస్తకం వెంట తెచ్చుకున్నాం.

మేము అంటే నలుగురం. అందరికీ కలిపి సొంతం మూడెకరాలు, కౌలు పదహారెకరాలు. అన్నీ కాలవ చివరి భూములే. మా బాధేమిటో డెల్టాలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నీళ్లు వచ్చిన పది రోజుల్లో ఊరంతా ఒకేసారి దమ్ము చేయాలి. ఉన్న ట్రాక్టర్లు అయిదో ఆరో. ముందు ఓనరు చేలు, తర్వాత ఆయన చుట్టాలవి, ఆ తర్వాత పెద్ద రైతులవి, ఆఖర్న మావి. డబ్బు ముందే చేతిలో పెట్టినా ‘రేపు పొద్దున్నే వస్తాం’ అంటారు. ఆ రేపు వచ్చేసరికి నారు ముదిరిపోతుంది. ముదురు నారు నాటితే దుబ్బు కట్టదు. ట్రాక్టరు లేకపోవడమంటే బాడుగ డబ్బులు పోవడం ఒక్కటే కాదు, దిగుబడి పోవడం కూడా.

కొత్తది కొందామా అంటే బ్యాంకు పొలం కాగితాలు అడుగుతుంది. కౌలు కార్డు పదకొండు నెలలది. దాని మీద పంట రుణం పుట్టడమే గగనం, ట్రాక్టరు రుణం మాటెక్కడ? ఫైనాన్సు వాళ్లయితే ఇంటికే వస్తారు. రెండు వాయిదాలు తప్పితే మళ్లీ ఇంటికే వస్తారు, ఈసారి తాళంచెవి కోసం.

ఇలా ఉండగా మాలో ఒకరి పెదనాన్న గారి ట్రాక్టరు గుర్తొచ్చింది. ఎర్ర బానెట్, బూడిదరంగు ఇంజను. మాసే ఫెర్గూసన్ 35. ఇంగ్లండులో కోవెంట్రీలో తయారైనది, ఆయన 1960లలో కొన్నది. పదకొండేళ్లుగా చింతచెట్టు కింద పడి ఉంది. పిచ్చుకలు గూళ్లు పెట్టాయి, కోళ్లు గుడ్లు పెట్టాయి. పాత ఇనుము వాళ్లు నెలకొకసారి వచ్చి బేరం ఆడి వెళ్తున్నారు. ఆయన ఇవ్వలేదు. మేము అడిగితే మాత్రం, ‘ఒరేయ్, తిరిగితే తీసుకుపోండి. తిరక్కపోతే ఉన్నచోటే తెచ్చి పెట్టండి’ అన్నారు. అంతకు మించి ఒప్పందం ఏమీ లేదు.

ఈ ట్రాక్టరు గురించి ఒక ముక్క చెప్పాలి. కంపెనీ దీనికి మొదట్లో నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను పెట్టింది. చలిలో స్టార్టు కాదని అక్కడి రైతులు గోలపెట్టారు. 1959 చివర్లో దాన్ని తీసేసి పెర్కిన్స్ వారి మూడు సిలిండర్ల ఇంజను వేశారు. మన దగ్గరున్నది అదే. బోరు 3.6 అంగుళాలు, స్ట్రోకు 5 అంగుళాలు, మొత్తం రెండున్నర లీటర్లు. ఆ కుటుంబం ఇంజన్లనే తర్వాత మాసే 135లోనూ వేశారు. అందుకే అరవయ్యేళ్ల బండికి ఇవాళ కూడా పిస్టన్లు, బేరింగులు దొరుకుతున్నాయి. పాత ఇంజను విప్పాలనుకునేవాళ్లు ముందు కనుక్కోవలసింది ఇదే. సామాను దొరకని ఇంజను మీద ప్రేమ పెంచుకోకూడదు.

మా నలుగురిలో మెకానిక్ ఎవరూ లేరు. ఐటీఐలో డీజిలు మెకానిక్ చదివిన మా అబ్బాయి ఒకడున్నాడు, పుస్తకం వాడి చేతిలో ఉంది. ఇంకొకరు, చేతులు వణుకుతున్నాయని పని మానేసిన మేస్త్రి గారు. ఆయన కుర్చీలో కూర్చుని చెబితే మేము చేశాం. ‘బాబాయ్, పుస్తకంలో ఇలా ఉంది’ అని వాడు, ‘పుస్తకం సరేరా, ముందు చెవి పెట్టి విను’ అని ఆయన. రోజూ ఇదే తగువు. చివరికి చాలాచోట్ల ఇద్దరూ ఒకటే చెప్పారు. ఒకచోట ఇద్దరి మాటా వినక మేము దెబ్బతిన్నాం, అది తర్వాత చెబుతాం.

ఆగిన ఇంజను కనపడగానే బ్యాటరీ పెట్టి సెల్ఫు కొడతాం. ఆ పని చేయవద్దని మేస్త్రి గారు మొదటి రోజే గట్టిగా చెప్పారు. ముందు ఆయిల్ చాంబరు కింద బోల్టు విప్పాం. ఆయిలు రాలేదు, నీళ్లు వచ్చాయి. దాదాపు లీటరున్నర. ఆ తర్వాత నల్లగా ఆయిలు. సైలెన్సరు గొట్టం మీద మూత లేదు. పదకొండేళ్ల వాన అందులోంచి దిగింది. మూడు సిలిండర్ల ఇంజను ఎక్కడ ఆగినా ఏదో ఒక ఎగ్జాస్టు వాల్వు దాదాపుగా తెరిచే ఉంటుంది, ఆ దారిన నీళ్లు బోరులోకి పోతాయి. మాకు రెండో సిలిండరు బిగిసింది. కొబ్బరిచిప్ప బోర్లించినా ఆ ఇంజను బతికేది. ఇంటికి వెళ్లగానే మీ ట్రాక్టరు గొట్టం చూసుకోండి.

హెడ్డు విప్పాక బిగిసిన బోరులో డీజిలు, పవర్ స్టీరింగు ఆయిలు సగం సగం పోసి పన్నెండు రోజులు వదిలేశాం. రోజూ సాయంత్రం పోయి చూడటం, ఇంకొంచెం పోయడం. ఎనిమిదో రోజున మాలో ఒకాయనకు ఓపిక నశించి సమ్మెట తీశాడు. మేస్త్రి గారు కుర్చీలోంచి లేచి వచ్చి సమ్మెట లాక్కుని ఇంటికి పట్టుకుపోయారు. పదమూడో రోజు పిస్టను మీద వేపచెక్క పెట్టి చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, ముందు పుల్లీ నట్టుకు పానా వేసి అటూ ఇటూ ఊపితే కదిలింది. వేలెడు కూడా లేదు ఆ కదలిక. అందరం కేకలు వేశాం.

తర్వాత ఇంజను దించాలి. ఈ ట్రాక్టరుకు వేరే ఛాసిస్ లేదు, ఇంజనే వెన్నెముక. ముందు ఇరుసు ఇంజను ముక్కుకు, గేరు బాక్సు ఇంజను వీపుకు బిగించి ఉంటాయి. ఇంజను తీస్తే బండి రెండు ముక్కలు. వెనక చక్రాలకు అటూ ఇటూ దిమ్మలు, గేరు బాక్సు కింద తాటిమొద్దులు పేర్చి, పాక దూలానికి చైను బ్లాకు కట్టి లేపాం. ఇంజను రెండు క్వింటాళ్లకు తగ్గదు. దూలం మోస్తుందా లేదా అని ముందు రోజు నాలుగు ధాన్యం బస్తాలు వేలాడదీసి చూశాం. వేలాడే ఇంజను కిందకి చెయ్యి గానీ కాలు గానీ పోనివ్వకూడదు. పిల్లల్ని పాకలోకే రానివ్వలేదు. ఇంకో జాగ్రత్త. ఆ కాలం క్లచ్ ప్లేట్లలో, గ్యాస్కెట్లలో, సీళ్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు, ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ సంచిలో మూటగట్టి పారేయాలి.

విప్పిన సామాను బాధ్యత మా వదిన తీసుకుంది. చెప్పుకోవడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, సగం పని అక్కడే ఉంది. వాల్వుల తాళాలు, స్ప్రింగులు పాత ఇడ్లీ రేకుల గుంటల్లో వరసగా పెట్టింది. పుష్ రాడ్లు అట్టపెట్టెకు ఆరు చిల్లులు పొడిచి నంబర్లు వేసి గుచ్చింది. ఏ బోల్టు ఎక్కడిదో నోటు పుస్తకంలో బొమ్మ గీసి రాసింది. ఎందుకంటే అరిగిన వస్తువులు దేని జోడీతో అది అరుగుతుంది. ఒకటో నంబరు రాడ్డు మూడులో వేస్తే ఇంజను తిరుగుతుంది, ఎన్నాళ్లో తిరగదు. కనెక్టింగ్ రాడ్డు టోపీల మీద నంబర్లుంటాయి. దేని టోపీ దానికే, ఏ వైపు తిరిగి ఉందో ఆ వైపే. మాకు బిగించేటప్పుడు ఒక్క నట్టు మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. ఆ పేరు వదినదే.

ఇప్పుడు ఇంట్లో చేయగలిగిందీ, చేయకూడనిదీ. విప్పడం, కడగడం, కొలవడం, వాల్వులు పేస్టు పెట్టి రుద్దుకోవడం, మళ్లీ బిగించడం ఇంట్లో చేసుకోవచ్చు. క్రాంకు గ్రైండింగు, లైనర్లు తీసి కొత్తవి దించడం, హెడ్డు చదును చేయడం మన వల్ల కాదు. అవి విజయవాడ ఆటోనగర్ తీసుకుపోయాం. డీజిలు పంపు, నాజిళ్లు అసలు విప్పనే కూడదు. ఈ పంపులో భాగాల మధ్య సందు మన వెంట్రుక కంటే చాలా తక్కువ. ఒక్క ఇసుక రేణువు పోతే చెడుతుంది. టెస్టు బెంచీ ఉన్నచోటికే ఇవ్వాలి. ఆ డబ్బు మిగుల్చుకుందామని చూస్తే మిగతా పనంతా వృథా.

మా క్రాంకు కోలగా అరిగింది. గ్రైండింగు చేస్తే 20 సైజుకు తేలింది. అంటే అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఇరవై వంతు సన్నబడింది. దానికి తగ్గట్టు 20 సైజు బేరింగులు వేయాలి. గ్రైండింగు అయి వచ్చిన క్రాంకు అద్దంలా మెరుస్తుంది, మోసపోకండి. లోపల ఆయిలు పోయే సన్న రంధ్రాలుంటాయి. రాయి పొడి వాటిలోకి పోతుంది. ఇనుప తీగ దూర్చి, డీజిలు పోసి, గాలి కొట్టి, మళ్లీ తీగ దూర్చి ఒక పూటంతా కడిగాం. మొదటిసారి తీగకు బూడిదరంగు ముద్ద అంటుకుని వచ్చింది. అలాగే బిగించి ఉంటే కొత్త బేరింగులు తొలి గంటలోనే గీతలు పడేవి.

బేరింగుల దగ్గర మోసపోయాం కూడా. ప్యాకెట్టు అసలుదానిలాగే ఉంది, ముద్ర కూడా ఉంది. అబ్బాయికి ఎందుకో అనుమానం వచ్చి మైక్రోమీటరుతో కొలిస్తే ఒక్కో ముక్క ఒక్కో మందం. దుకాణానికి పట్టుకుపోతే ‘మా దగ్గర కొన్నట్టు బిల్లేదీ?’ అన్నాడు. బిల్లు లేకుండా వంద రూపాయలు తగ్గిస్తానంటే మేమే సరేనన్నాం. 1,900 రూపాయలు పోయాయి. వంద రూపాయల ఆశ అంత ఖరీదైంది. ఇప్పుడు చెబుతున్నాం, 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు విడిభాగాలు, టైర్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. మేము కొన్నది అంతకు ముందు, 18 శాతం రోజుల్లో. తగ్గిన పన్ను మన చేతికి వస్తుందా, దుకాణంలోనే ఆగిపోతుందా అనేది బిల్లు అడిగితేనే తెలుస్తుంది. అడగండి.

బిగింపు సంగతి. అంతా చెబితే భోజనాల వేళ దాటిపోతుంది. ముఖ్యమైనవి రెండు మూడు చెబుతాం. రింగుల మూతులన్నీ ఒకే వరసలో రాకుండా చుట్టూ పంచి పెట్టాలి. ప్రతి తిరిగే వస్తువుకూ కొత్త ఆయిలు పూయాలి. టైమింగు గేర్ల పళ్ల మీద గుర్తులుంటాయి, గుర్తుకు గుర్తు కలవాలి. ఒక్క పన్ను తప్పినా వాల్వు పిస్టనును కొట్టే ప్రమాదముంది. అందుకే అన్నీ బిగించాక సెల్ఫు కొట్టకుండా, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగిపోవాలి. హెడ్డు నట్లు మధ్యలోంచి బయటికి వరస ప్రకారం, మూడు నాలుగు విడతల్లో, టార్క్ రెంచితో బిగించాలి. ‘మా చెయ్యే టార్క్ రెంచి’ అనేవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లు బిగించిన హెడ్లలోంచి నీళ్లు కారడం కూడా చూశాం. ట్యాపెట్లు చల్లటి ఇంజను మీద 12 థౌ, అంటే 0.30 మిల్లీమీటర్లు. పదిహేను రూపాయల టీ తాగే సమయంలో అయిపోయే పని, ఏళ్ల తరబడి చేయించని వాళ్లున్నారు.

డీజిలు లైనులో ఎయిరు తీసేటప్పుడు ఒక హెచ్చరిక. నాజిలు చిమ్మే డీజిలు ముందు చెయ్యి పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి సూదిలా దూరుతుంది. పైకి చిన్న చుక్కలా కనపడుతుంది, లోపల కుళ్లిపోయి వేళ్లు తీసేయాల్సి వస్తుంది. అలా జరిగితే కట్టుకట్టుకుని ఇంట్లో కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోయి, ఏం జరిగిందో డాక్టరుకు చెప్పాలి.

స్టార్టు చేసిన రోజు పెదనాన్న గారిని కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ముందు స్టాపు గుంజి పెట్టి, డీజిలు అందకుండా, పది పది సెకన్లు ఆగి ఆగి సెల్ఫు కొట్టాం. ఆయిలు గేజి ముల్లు లేచేదాకా అంతే. ముల్లు లేచింది. అప్పుడు స్టాపు వదిలాం. ఒకతను ఎయిర్ క్లీనరు గొట్టం దగ్గర చెక్క పలక పట్టుకుని నిలబడ్డాడు. పంపులో గవర్నరు ఇరుక్కుంటే ఇంజను అదుపు తప్పి పరుగెడుతుంది, అప్పుడు గాలి మూసేయడం ఒక్కటే దారి. అదృష్టం, ఆ పలకతో పని పడలేదు. మూడోసారికి అందుకుంది. తెల్ల పొగ, తర్వాత నల్ల పొగ, తర్వాత దాదాపు ఏమీ లేదు. మూడు సిలిండర్ల చప్పుడుకు ఒక విరుపు ఉంటుంది, పాతవాళ్లకు తెలుసు. పెదనాన్న గారు కాసేపు విని, ‘ఐడిలింగు కొంచెం తగ్గించండి’ అన్నారు. ఇంకేమీ అనలేదు.

ఇక్కడితో ఆపేస్తే మీరు చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. కానీ దెబ్బతిన్న సంగతి చెబుతామన్నాం కదా.

ఎనిమిది రోజులు పని చేశాక క్లచ్ హౌసింగు కింద రంధ్రంలోంచి ఆయిలు చుక్కలు. మర్నాటికి ధార. క్లచ్ జారడం మొదలైంది. వెనక మెయిను సీలు. ఈ ఇంజనుకు రబ్బరు సీలు కాదు, తాడు సీలు. రెండు అర్ధ చంద్రాకారపు బిళ్లల్లో తాడు ఒత్తి కూర్చోబెట్టి క్రాంకు చుట్టూ బిగిస్తారు. ఆ తాడు కొసలు బిళ్ల అంచు కంటే 10 నుంచి 20 థౌ పైకి ఉండాలని పుస్తకంలో ఉంది. మేస్త్రి గారూ అదే అన్నారు. అప్పటికి రాత్రి తొమ్మిదైంది, కరెంటు వచ్చి పోతోంది. కొసలు పైకి కనపడుతుంటే పని శుభ్రంగా లేదనిపించి మేమే బ్లేడుతో అంచుకు సమానంగా కోసేశాం. రెండు కొసలూ ఒకదాన్నొకటి నొక్కుకుంటేనే అక్కడ ఆయిలు ఆగుతుంది. మేము కోసినచోట ఆయిలుకు దారి ఏర్పడింది. గోరు మందాన్ని మించదు ఆ తేడా. దానికి బండి మళ్లీ రెండు ముక్కలు చేయాల్సి వచ్చింది. నాలుగు రోజులు, కొత్త సీలు, గ్యాస్కెట్లు, ఆయిలు, తడిసిన క్లచ్ ప్లేటు మార్పు. రెండోసారి ఆ పని పగటి పూటే చేశాం.

ఇక లెక్క. లైనర్లు, పిస్టన్లు, రింగులు 14,500. ఆటోనగర్ పనులన్నీ 9,200. బేరింగులు 3,800, నకిలీవి 1,900. పంపు, నాజిళ్లు 13,000. బ్యాటరీ 6,500. క్లచ్ ప్లేటు 4,600. రెండోసారి విప్పినందుకు సీలు, ఆయిలు వగైరా 2,700. సెల్ఫు, రేడియేటరు, గ్యాస్కెట్లు, ఫిల్టర్లు, ఆయిలు, రవాణా కలిపి ఇంకో 16,700. ఇంజను మీద మొత్తం 72,900 రూపాయలు. పాత టైర్ల జత 18,000. అంతా కలిపి 90,900. తలా 22,725. మా కూలి ఇందులో లేదు. నలభై ఒక్క రోజులు, ఎక్కువగా సాయంత్రాలు పనిచేశాం. మేస్త్రి గారు డబ్బు తీసుకోలేదు, కొత్త బియ్యం బస్తా ఇస్తే కాదనలేదు. ఇందులో కొంత తెచ్చింది అప్పే, డ్వాక్రా సంఘం నుంచి ఆడవాళ్లు తెచ్చారు. ఆ అప్పు తీరింది.

ఫలితం ఏమిటంటే, మొన్నటి సార్వాకు మా పంతొమ్మిదెకరాలూ కాలవ నీళ్లు అందిన ఆరో రోజుకు దమ్ము అయిపోయాయి. నారు వయసు దాటలేదు. ఆ తర్వాత ఇంకో ముగ్గురు కౌలు రైతులకు చేసి పెట్టాం, డీజిలు ఖర్చు మీద కొంచెం వేసుకుని. అయితే దీన్ని చూసి అందరూ పాత ట్రాక్టర్ల వెంట పడమని మేము చెప్పం. ఇది ముప్పై అయిదు, ముప్పై ఏడు గుర్రాల బండి. కేజ్ వీల్సు, గొర్రు, ట్రక్కు లాగుతుంది. పెద్ద రోటవేటరు లాగదు. నల్లరేగడిలో లోతు దుక్కికి రొప్పుతుంది. బోల్తా పడితే కాపాడే కమ్మీ చట్రం దీనికి లేదు, గట్లు ఎక్కించేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. మేము ఒకసారి బోదె గట్టు మీద ముందు చక్రాలు లేచి హడలిపోయాం. బ్లాకు పగిలిన ఇంజనైతే మేము కూడా ముట్టుకునేవాళ్లం కాదు.

మరి దీన్ని సంఘం తరగతిలో ఎందుకు చెబుతున్నామంటే, విప్పి చూసుకోగల యంత్రం క్రమంగా మన చేతుల్లోంచి జారిపోతోంది. మన దేశంలో 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. పొగ తగ్గాలి, దానికి మేము వ్యతిరేకం కాదు. ఆ పొగ మొదట పీల్చేది డ్రైవరే. కానీ దాంతోపాటు ఇంజను మీదకు కంప్యూటరు వచ్చింది. లైటు వెలిగి బండి ఆగితే పానాతో పనిలేదు, కంపెనీ వాళ్ల మిషను తగిలించాలి. ఆ మిషను, ఆ సాఫ్ట్‌వేరు బయట మెకానిక్‌కు ఇస్తారా ఇవ్వరా అన్నదే ప్రశ్న. అమెరికా రైతులు ఇదే మీద ఏళ్ల తరబడి కొట్లాడారు. కొలరాడో రాష్ట్రంలో 2023లో చట్టం తెచ్చుకున్నారు. వ్యవసాయ యంత్రాల సామాను, పనిముట్లు, సాఫ్ట్‌వేరు, రిపేరు పుస్తకాలు రైతుకూ బయటి మెకానిక్‌కూ ఇవ్వాల్సిందేనని 2024 జనవరి 1 నుంచి అక్కడ అమల్లోకి వచ్చింది. 2025 జనవరిలో జాన్ డీర్ కంపెనీ మీద అక్కడి ప్రభుత్వ సంస్థే కోర్టుకు వెళ్లింది. మన దగ్గర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ పెట్టింది, వ్యవసాయ పరికరాలు కూడా అందులో ఒక విభాగం. మంచిదే. కానీ పోర్టల్ చట్టం కాదు. దమ్ము రోజుల్లో బండి ఆగితే పోర్టల్‌లో కంపెనీ ఫోను నంబరు దొరికినంత మాత్రాన నారు ఆగదు. రిపేరు పుస్తకం తెలుగులో ఇవ్వాలి, కంప్యూటరు మిషను మండలానికి ఒకటైనా బయటి మెకానిక్‌కు అందాలి, విడిభాగాలు కనీసం ఇన్నేళ్లు దొరుకుతాయని అమ్మేటప్పుడే రాసివ్వాలి. మన మహాసభ తీర్మానాల్లో ఈ మూడూ చేర్చాలని మా నలుగురి కోరిక.

ఇంకొకటి, చాలామంది అడుగుతున్నారు కనుక. పాత ట్రాక్టర్లు ప్రభుత్వం తుక్కు చేస్తుందట గదా అని. పదేళ్లు దాటిన ట్రాక్టర్లు తప్పనిసరిగా తుక్కుకు ఇవ్వాలని ఫోన్లలో తిరిగిన వార్త అబద్ధమని కేంద్ర రవాణా శాఖే 2023లో చెప్పింది. వ్యవసాయ ట్రాక్టరుకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్లకు, ఆపైన అయిదేళ్లకోసారి రెన్యువలు చేసుకోవచ్చు. ఈ పుకారు చూపించి పాత బండ్లను అగ్గువకు లాక్కునే దళారులు ఉన్నారు. రెన్యువలు మాత్రం చేయించుకోండి. మాది చేయించుకోవడానికి మూడుసార్లు తిరిగాం. పేరు మార్పు కాగితాలు, పెదనాన్న గారి సంతకం పాత సంతకంతో కలవలేదని ఒకసారి, ఇంజను నంబరు తుప్పు కింద కనపడలేదని ఒకసారి. నంబరు ప్లేటు మీద గీకి శుభ్రం చేసేటప్పుడు సున్నితంగా చేయండి. అంకె చెరిగితే అదో కేసు.

చివరగా పనిముట్ల సంగతి. ఈ పనికి మేము టార్క్ రెంచి, మైక్రోమీటరు, రింగులు బిగించే కంప్రెసరు పట్టీ, చైను బ్లాకు నాలుగుచోట్ల అడుక్కుని తెచ్చుకున్నాం. ఏ ఒక్క రైతూ ఇవన్నీ కొనుక్కోలేడు, కొనుక్కోనక్కర్లేదు కూడా. సంఘం ఆఫీసు వెనక గదిలో ఒక పెట్టె పెడదామని కమిటీ ఒప్పుకుంది. మేము ఫీలరు గేజి, వాల్వు స్ప్రింగు లివరు, మా వదిన రాసిన నోటు పుస్తకం జిరాక్సు ఇస్తున్నాం. మీ ఇళ్లలో పడి ఉన్నవి మీరూ తేవచ్చు. తీసుకెళ్లినవాళ్లు రిజిస్టరులో సంతకం పెట్టాలి, తుడిచి తిరిగి ఇవ్వాలి. టార్క్ రెంచితో బిగిసిన నట్లు విప్పడానికి వీల్లేదు, విప్పితే దాని కొలత చెడిపోతుంది. ఇది మేస్త్రి గారు పెట్టిన షరతు, రిజిస్టరు మొదటి పేజీలోనే రాశాం.

కాలవలు కట్టేశాక, వేసవిలో పక్క ఊరి సభ్యుడి పాత ఇంజను విప్పబోతున్నాం. అది ఆరేళ్లుగా ఆగి ఉంది, సైలెన్సరుకు మూత ఉంది కనుక ఆశ ఉంది. చూడాలనుకున్న కుర్రవాళ్లు మా అబ్బాయి దగ్గర పేరు రాయించుకోండి. ఆడపిల్లలూ రావచ్చు, వదిన ఇప్పటికే ఇద్దర్ని అడిగింది. పాత బట్టలు కట్టుకుని, ఉంటే ఒక ఇడ్లీ రేకుల సెట్టు పట్టుకుని రండి. ఈసారి నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. మా దగ్గరున్న రేకులు సరిపోవు.